నాలుగో సీసాలో ఏముంది

ప్రద్యుమ్న ఆరేళ్లుగా ఉబ్బసానికి కొత్త మందు వెతుకుతున్నాడు. అతని పనంతా కంప్యూటర్ మీదే. ఊపిరిగొట్టం కండరంలో మందును పట్టుకునే చోటొకటి ఉంటుంది. రిసెప్టర్ అంటారు దాన్ని. అందులో ఏ అణువు చక్కగా ఇముడుతుందో లక్షల అణువులను పోల్చి చూశాడు. చివరికి ఒకటి అన్నిటికన్నా పైన నిలిచింది. లెక్క ప్రకారం అది తగిలితే బిగుసుకున్న కండరం వదులవ్వాలి.

నిజంగా వదులవుతుందో లేదో తేల్చేది సుగుణమ్మ. విశాఖలోని ఆ ల్యాబులో ఆమె ఇరవై ఎనిమిదేళ్లుగా టెక్నీషియన్. పొద్దున్నే కబేళా నుంచి మేక ఊపిరిగొట్టం తెచ్చి, సన్నని ముక్కలు కోసి, వెచ్చటి ఉప్పునీటిలో వేలాడదీసేది. ముందు ఒక మందుతో కండరాన్ని బిగిసేలా చేసి, తర్వాత ప్రద్యుమ్న మందు వేసేది. కండరం వదులైతే దానికి కట్టిన కలం కదిలే కాగితం మీద గీతను కిందికి దించుతుంది.

పదిసార్లు చేసింది. తొమ్మిదిసార్లు గీత కదల్లేదు. ఒక్కసారి దిగింది.

ప్రద్యుమ్న ఆ ఒక్కదాన్నే తన పరిశోధన పేపర్లో రాశాడు. మిగతా తొమ్మిదింటి గురించి ఒక వాక్యం: “చేసినవారి పొరపాటు వల్ల వీటిని పరిగణించలేదు.”

సోమవారం మీటింగులో ఎవరో అడిగారు, ఆ పొరపాటు ఏమిటని.

“సుగుణమ్మగారికి వయసు మీదపడింది. చేతులు కుదురుగా ఉండటం లేదు” అన్నాడు ప్రద్యుమ్న.

ఆమె వెనక వరసలోనే కూర్చుని ఉంది. ఒళ్లోని నోట్‌బుక్కు మూసి, దానిమీద చేతులు పెట్టుకుంది.

అతని గురువు ప్రొఫెసర్ ఖాదర్ కూడా ఆ మీటింగులో ఉన్నాడు. మర్నాడు ఉదయం ఆయన ప్రద్యుమ్నను ల్యాబుకి పిలిచాడు.

“ఇవాళ ప్రయోగం నువ్వు చెయ్యి. నేను సాయం చేస్తాను.”

ఆయనే ఏప్రాన్ కట్టుకుని గాజు గొట్టాలు కడిగాడు. ప్రద్యుమ్న కండరం ముక్కకి దారం కట్టబోతే రెండుసార్లు జారిపోయింది. రెండుసార్లూ ఆయన కొత్త దారం అందించాడు.

బల్ల మీద నాలుగు చిన్న సీసాలున్నాయి. నాలుగూ నీళ్లలాగే ఉన్నాయి.

“సుగుణమ్మ నింపి, అంకెలు వేసింది” అన్నాడు ఖాదర్. “ఒకదాంట్లో ఇప్పటికే వాడుకలో ఉన్న పాత మందు. ఒకదాంట్లో నీది. రెండిట్లో ఉత్త ఉప్పునీళ్లు. ఏది ఏదో నాకూ తెలీదు. చీటీ ఆవిడ దగ్గరుంది.”

సుగుణమ్మ గది బయట వరండాలో ఉండిపోయింది.

మొదటి సీసా. గీత కదల్లేదు. “ఉప్పునీళ్లు” అన్నాడు ప్రద్యుమ్న.

రెండోది వేయగానే గీత జారిపడింది. పాత మందే, అందులో సందేహం లేదు.

ముక్కను కడిగి, కండరాన్ని మళ్లీ బిగిసేలా చేసి మూడోది వేశాడు. గీత కదల్లేదు. “ఇదీ నీళ్లే.”

మిగిలింది నాలుగోది. చుక్క వేసి, ఊపిరి బిగబట్టి చూశాడు. నిమిషం గడిచింది. గీత మెల్లగా, చాలా మెల్లగా కిందికి వాలింది.

“చూశారా సార్! దిగుతోంది! ఇది నాదే. నేను చెప్పలేదూ?”

ఖాదర్ తలుపు తీసి పిలిచాడు. “సుగుణమ్మా, చీటీ చదువమ్మా.”

ఆమె చీటీ విప్పింది. పైకి చదవడానికి మొహమాటపడింది. ఒకసారి ప్రద్యుమ్న ముఖంలోకి చూసి, గొంతు తగ్గించి చదివింది.

“ఒకటి, బాబుగారి మందు. రెండు, పాతది. మూడు, ఉప్పునీళ్లు.” కాస్త ఆగింది. “నాలుగోదీ ఉప్పునీళ్లేనండి.”

కాగితం ఇంకా కదులుతూనే ఉంది.

“పొద్దుట్నించీ వేలాడుతోంది కదా బాబూ” అంది ఆమె, తప్పు తనదే అన్నట్టు. “అలిసిపోతే కండరం దానంతటదే కాస్త వదులవుతుంది. నాకు ఆ ఒక్కసారి అలాగే అయ్యుంటుందని నోట్‌బుక్కులో రాశాను.”

ఆ మాట ప్రద్యుమ్న అప్పుడే చదివాడు. చదివి పేజీ తిప్పేశాడు.

అతను తలెత్తలేకపోయాడు. ఆమె చెప్పుల వైపు చూస్తూనే, “సుగుణమ్మగారూ, నిన్న అందరిముందూ నేను...” అన్నాడు.

“సరే బాబూ” అని, ఆమె ముందుకు వచ్చి ఆ ముక్కను నీటిలోంచి తీయసాగింది.

ప్రద్యుమ్న గురువు వైపు తిరిగాడు. “సార్, నేను కావాలని అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు కూడా, నిజంగానే నా మందు వల్లే దిగిందనుకున్నాను.”

ఖాదర్ ఏప్రాన్ ముడి విప్పుకుంటున్నాడు.

“నేనూ అది నీదేననుకున్నాను” అన్నాడు. “నువ్వు గెలవాలని నాకూ ఉంది. అందుకే చీటీ నా దగ్గర పెట్టుకోలేదు.”