రాజుగారి మూర, సముద్రపు అల

ఒకానొక కడలి రాజ్యంలో ఉత్తుంగకేతుడనే రాజు ఉండేవాడు. ఆయన మోచేతి నుంచి వేలికొస దాకా ఎంతో, ఆ దేశంలో మూర అంత! గుడ్డయినా గోడయినా ఆ మూరతోనే కొలవాలి.

ఒకసారి తుపాను రేగింది. గాలి ఎంతటిదంటారా? కొండ మీద కోతి తుమ్మితే తుంపర పొరుగు రాజ్యంలో పడింది!

ఆస్థాన పండితుడు మార్తాండశర్మ కోట బురుజెక్కి, స్తంభాన్ని వాటేసుకుని సముద్రాన్ని చూసొచ్చాడు.

"ప్రభూ, అల మూడు తాటిచెట్ల ఎత్తుంది! గాలి రెట్టింపైతే అల కూడా రెట్టింపే. అంతెత్తు గోడ కట్టించకుంటే కోట మునుగుతుంది."

అంత గోడకు పునాది తీయాలంటే ఒడ్డునున్న జాలరిపేట మొత్తం లేచిపోవాలి. రాజు సరేనన్నాడు.

సంగతి తెలిసి, పడవ నడిపే సరంగు ఎల్లాజీ సభకు పరిగెత్తాడు. "మారాజా, పేట ముందు ఇరవై మూరల ఎత్తు ఇసుకదిబ్బ ఉంది. మా తాతల నాటి నుంచీ దాన్ని దాటిన అల లేదు."

"చేపలు పట్టేవాడివి, శాస్త్రానికి ఎదురు చెబుతావా?" కసిరాడు పండితుడు.

"కొలిచి చూద్దాం బాబూ. రాజుగారి మూరతోనే కొలవాలి కదా? మరి ఆ చెయ్యి పడవెక్కాలి!"

కాదంటే పరువు పోతుంది. రాజు మీసం దువ్వి "పద!" అన్నాడు.

సముద్రం మధ్యలో ఎల్లాజీ రాజు నడుముకు తాడు కట్టి, తెరచాప కొయ్య చూపించాడు. "పడవ రెండలల నడుమ పల్లంలోకి దిగినప్పుడు చూడండి మారాజా. నింగీ నీరూ కలిసే గీతకు ఎదుటి అల అడ్డొస్తే, కొయ్య మీద ఇంకో మూర పైకి పాకండి. అల తలా ఆ గీతా ఒక వరసకొస్తే ఆగండి. నీళ్ల నుంచి మీ కంటి దాకా ఎంతో, అల అంత."

రాజు మూరమూరా పాకాడు. "పద్నాలుగు!" అని అరిచాడు. గాలి రెట్టింపైంది. ఎంత పెద్ద అల వచ్చినా పదిహేను దాటలేదు.

"ఎల్లాజీ! గాలి ఇంత పెరిగినా అల ఆ లెక్కన పెరగదేం?"

"మరీ నిక్కిన తలను గాలే కోసేస్తుంది మారాజా. ఆ తెల్లటి నురగంతా తెగిన తలలే!"

రాజు తల తడుముకున్నాడు. కిరీటం ఎప్పుడో ఎగిరిపోయింది!

అంతే, కొయ్యను కావలించుకుని ఆయన నవ్విన నవ్వుకు ఉరుములే సిగ్గుపడ్డాయి. ఒడ్డు చేరగానే తన బంగారు దండకడియం తీసి ఎల్లాజీ చేతికి తొడిగాడు. "పేట ఎక్కడికీ కదలదు!" అన్నాడు.

ఆ తర్వాత సభలో ఏ పండితుడు గొప్ప లెక్క చెప్పినా రాజు ఒకటే అడిగేవాడు:

"స్తంభం పట్టుకుని చూశావా, కొయ్యెక్కి చూశావా?"