చోటమ్మ గుడిలో విగ్రహం ఎందుకు లేదు

గర్భగుడిలో ఏం చూశారు? మొహమాటపడకుండా చెప్పండి. పసుపు గుడ్డ పరిచిన పాత బండి పలక ఒక్కటే కదా! విగ్రహాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. చోటమ్మకు మొదటినుంచీ ఆ పలకే రూపం.

పూర్వం ఇక్కడ కొండదారిన తిరిగేది కదిరప్ప ఎద్దులబండి ఒక్కటే. ఒకనాడు అమ్మవారు అతని కలలోకి వచ్చి, "రేపు నీ బండిలో ఏరు దాటాలి. నాకు చోటుంచు" అని చెప్పింది. కదిరప్ప పొంగిపోయాడు. బండి కడిగి, పలక మీద కొత్త పసుపు గుడ్డ పరిచి బయలుదేరాడు. మబ్బు కమ్ముకొస్తోంది. అమ్మ ఎక్కడ నిలబడి ఉంటుందో, ఏ రూపున వస్తుందోనని అతని కళ్లు ఒకచోట నిలవడం లేదు.

ఇప్పుడు గుడి ఉన్న ఈ మలుపులోనే తిప్పమ్మ అనే కూలిమనిషి, బిడ్డను భుజాన వేసుకుని చెయ్యెత్తింది.

"మామా, పిల్లకు ఒళ్లు కాలిపోతాంది. ఏరు పొంగకముందే అవతల వైద్యుని కాడికి చేర్చు."

"ఈ చోటు అమ్మవారిది తల్లీ. మైలపడకూడదు."

"ఆయమ్మకు కాళ్లు లేవా మామా? నా బిడ్డ అయితే నడవలేదు!"

కదిరప్ప ఎద్దులను అదిలించాడు. ఆ మాట మాత్రం బండి వెంటే వచ్చింది. మెడ తిప్పి చూస్తాడు, పలక ఖాళీ. మళ్లీ చూస్తాడు, ఖాళీయే. ఏటి ఒడ్డుకు చేరేసరికి ఎర్రని వరదనీళ్లు వచ్చిపడుతున్నాయి. అమ్మ జాడ లేదు. "దారిలో నన్ను చోటడిగింది ఇంకెవరు?" అని తల బాదుకుని బండి వెనక్కి తిప్పాడు.

తల్లీబిడ్డలను ఆ పసుపు గుడ్డ మీదే కూర్చోబెట్టి ఏటిలోకి దింపాడు. నీళ్లు ఇరుసును ముంచాయి, ఎద్దులు తడబడ్డాయి, అయినా బండి ఒడ్డెక్కింది. వైద్యుడు మందు పోశాక పిల్ల కళ్లు తెరిచింది. అప్పుడు తిప్పమ్మ తేరుకుని అడిగింది: "ఏట్లో నా పిల్లను ఒళ్లో పెట్టుకున్న పెద్దమ్మ యాడ దిగింది మామా?"

కదిరప్ప ఖాళీ పలక వైపు తిరిగి దండం పెట్టాడు. ఆ పలకను ఊడదీసి తెచ్చి, బిడ్డతల్లిని కాదన్న ఈ మలుపులోనే నిలిపాడు.

నేటికీ చుట్టుపక్కల పల్లెల కట్టుబాటు ఇదే. జీపయినా, ఆటో అయినా, మోటారుసైకిలయినా, చోటుంటే పసుపు గుడ్డ ఎత్తినవారికోసం ఆగాలి. కిరాయి అడగకూడదు. రోగులకూ బాలింతలకూ ముందు చోటివ్వాలి. అలా ఒక మనిషిని చేరవేసి వచ్చినవారికే పలక మీది పసుపు నుదుట పెడతారు. వారికి దారిలో ఆపద రాదని నమ్మకం. అద్దాలు బిగించుకుని, బండికి నిమ్మకాయలు కట్టుకుని వచ్చి, బుట్టెడు కొబ్బరికాయలు కొట్టినా ఆ పసుపు దక్కదు.

ఇంతకీ మీరు వచ్చేటప్పుడు, ఏటి వంతెన దగ్గర పసుపు గుడ్డ ఎత్తి నిలబడిన మనిషిని ఏం చేశారు?