తిమ్మిరి మిరియం

కొండచరియ విరిగిపడి తన ఊరు మట్టికింద కలిసిపోయిందన్న కబురు వచ్చేసరికి మింగ్‌సిన్ మఠం వాకిలి ఊడుస్తున్నాడు. కబురు తెచ్చినవాడు ఏడుస్తూనే చెప్పాడు. మీ అన్న పోయాడు, వదిన పోయింది, పిల్లలు పోయారు, పొరుగూరు వెళ్లడంవల్ల మీ అమ్మ ఒక్కతే మిగిలిందన్నాడు. మింగ్‌సిన్ అంతా విని తలాడించాడు. మిగిలిన వాకిలి కూడా ఊడ్చేసి చీపురు మూలన పెట్టాడు.

సిచువాన్ కొండల్లో ఉన్న ఆ చిన్న మఠంలో మూడుపూటలా ఇదే మాట. చీమ కుట్టినట్టయినా లేదట, ఎంత వైరాగ్యమో అని పెద్ద సన్యాసులు ముచ్చటపడ్డారు. కుర్ర సన్యాసులైతే అతని వెనకాలే తిరగడం మొదలుపెట్టారు. లోకం తీరే అంత. ఏడ్చేవాడంటే చులకన, ఏడవనివాడంటే దణ్ణం.

కొన్నాళ్లకి ఇంకో కబురు వచ్చింది. తల్లి కొండకింద రేవులో ఉంది. ఆ సాయంత్రం పడవెక్కి ఎక్కడో దిగువన ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. మళ్లీ ఇటు రావడానికి ఇల్లా వాకిలా? మోకాళ్లు పనిచెయ్యక మెట్లెక్కలేనని, ఒక్కసారి కిందికొచ్చి కనపడి వెళ్లమని అడిగింది.

"సన్యాసికి తల్లెక్కడిది?" అని చెప్పి పంపించేశాడు మింగ్‌సిన్.

పంపించి, తిన్నగా గురువు దగ్గరికి వెళ్లాడు. గురువు కువాంగ్‌తే బాగా ముసలివాడు. ఆయనకి ప్రపంచంలో మిగిలిన సుఖం ఒక్కటే, వేడి తేనీరు. అదైనా ఊది ఊది, పిల్లిలా పెదవి తడిపి చూసుకుని గానీ తాగడు.

"గురువుగారూ, అన్న పోయాడన్నా నాకేమీ అనిపించలేదు. అమ్మ వెళ్లిపోతోందన్నా అనిపించడం లేదు. చేరవలసిన చోటికి చేరినట్టేనా?"

గురువు చేతిలోని తేనీటి గిన్నె కింద పెట్టాడు.

"ఆకలేస్తోంది. పద, రేవులో తినొద్దాం" అన్నాడు.

రేవులో తాంగ్ అనే ఆవిడ నడిపే పూటకూళ్లిల్లు ఉంది. ఆవిడ వంట తినడానికే పడవలు ఆపుకునేవాళ్లు ఉన్నారు. అక్కడి మిరియం మన మిరియంలా మండి ఊరుకునేది కాదు. మొదటి ముద్దకి పెదాలు జివ్వుమంటాయి, నాలుగో ముద్దకి నాలుక ఉందో లేదో తెలియదు. సన్యాసుల కోసం మాంసం తగలని మూకుడు వేరే పెట్టేది.

వాళ్లు కూర్చున్న అరుగు మీదినుంచి రేవు మెట్లు కనిపిస్తాయి. మెట్ల మీద ఒక ముసలావిడ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎంత దూరం నుంచైనా ఆ వంగిన వీపుని మింగ్‌సిన్ పోల్చగలడు. పోల్చాడు కూడా. అటు వీపు పెట్టి కూర్చున్నాడు. గురువు అటే మొహం పెట్టి కూర్చున్నాడు.

"మిరియం మూడింతలు వెయ్యమ్మా" అన్నాడు గురువు.

"వెయ్యడానికేం స్వామీ, వేస్తాను. తిన్నాక మాత్రం నోరు మీ చేతిలో ఉండదు. స్పర్శ వచ్చేదాకా చల్లటి గంజే పోస్తాను, వేడి ముట్టుకోనివ్వను. పోయినేడు ఒక పడవవాడు నా మాట పెడచెవిన పెట్టి నోరు కాల్చుకున్నాడు."

ఎర్రటి నూనెలో తేలుతున్న సోయాజున్ను తెచ్చి ముందు పెట్టి, అక్కడే నిలబడింది.

"కడుపునిండా తినండి. ఎగువ కొండవాలు మిరియం ఇది. పండించినాయనే ఏటా భుజాన మోసుకొచ్చి ఇచ్చేవాడు, పాపం. ఆ చెట్టుకి ముళ్లు కదా, చేతులనిండా గీతలే. ఇదే ఆఖరి బస్తా. కొండచరియ విరిగాక ఆ చెట్లూ లేవు, ఆ మనిషీ లేడు."

ఆవిడకి ఎదురుగా ఉన్నదెవరో తెలియదు. తన అన్న గురించే చెబుతోందని మింగ్‌సిన్‌కి మాత్రం తెలిసింది. అతని చేతిలో తినే పుల్లలు కాసేపు గిన్నె మీద ఆగాయి. మళ్లీ కదిలాయి. నిమ్మకు నీరెత్తినట్టు గిన్నె ఖాళీ చేశాడు.

"నోరెలా ఉంది?" అని అడిగాడు గురువు.

"మొద్దుబారిపోయింది. ఉన్నట్టే తెలియడం లేదు."

"నాదీ అంతే" అంటూ గురువు లేచాడు. పొయ్యి మీద తేనీరు కుతకుత ఉడుకుతోంది. పొంగుతున్న ఆ కూజాలోంచి గిన్నెలోకి వంచుకుని, ఊదకుండా, గటగటా తాగేశాడు.

తాంగ్ పరుగెత్తుకొచ్చేసరికి గిన్నె ఖాళీ. "ఎంత పని చేశావయ్యా" అని నెత్తి కొట్టుకుంది. గురువు మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. గిన్నె బోర్లించి బయటికి నడిచాడు.

మింగ్‌సిన్‌కి ఒళ్లు పులకరించింది. ఈయనకి వేడీ చల్లనా ఒకటే, నాకు సుఖమూ దుఃఖమూ ఒకటే అనుకున్నాడు. ఆ పొంగులో, రేవు మెట్ల వైపు తిరిగి చూడకుండానే గురువు వెంట కొండెక్కాడు.

సగం దారిలో గురువు నడక మందగించింది. ఒక మెట్టు మీద కూలబడ్డాడు. పెదాలు ఉబ్బిపోయాయి, నోటి లోపలి చర్మం తెల్లగా పొరలు పొరలుగా లేస్తోంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. రెండు చేతులతో కాషాయం గుప్పిటపట్టుకుని చిన్నపిల్లాడిలా మూలుగుతున్నాడు. గురువు ఏడవగా మింగ్‌సిన్ ఎప్పుడూ చూడలేదు. అతనికి భయమేసింది.

"గురువుగారూ, నొప్పా?"

ఆయన తలాడించాడు.

"అక్కడ తాగినప్పుడు మీకేం కాలేదు కదా."

గురువు నోరు తెరవడానికి చాలాసేపు పట్టింది. మాటతోపాటు నెత్తురు జీర కూడా వచ్చింది.

"కాలింది అక్కడే. తెలిసింది ఇక్కడ."

కింద రేవులో పడవ గంట మోగింది.

మింగ్‌సిన్ కదల్లేదు. కరువొచ్చిన ఏడు, తిండికి లేక ఈ మఠంలో వదిలిపెట్టడానికి, అన్న ఈ మెట్ల మీదే తనని వీపున మోసుకొచ్చాడు. దారంతా ముళ్లు గీరిన ఆ చేతులు తన కాళ్లని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కసారీ గుర్తు రాలేదు.

"మిమ్మల్ని ఇలా వదిలేసి..." అన్నాడు.

గురువు చెయ్యెత్తి కిందికి చూపించాడు.

మింగ్‌సిన్ పరుగెత్తాడు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. రేవు చేరేసరికి పడవవాడు తాడు విప్పుతూ విసుక్కుంటున్నాడు. తల్లి పడవెక్కే పలక మీద ఒక కాలు పెట్టి ఉంది. కొడుకుని చూసి కాలు వెనక్కి తీసుకుంది. ఆవిడ కళ్లలో తడి లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయి ఉంటాయి.

"వచ్చావా చిన్నోడా" అంది. "తిన్నావా?"

"తిన్నానమ్మా."

ఆవిడ చేతిలోని మూట అందుకున్నాడు. "అన్న దొరికాడా?" అని అడిగాడు.

"దొరికాడురా. మొహం చూసి పోల్చుకోలేకపోయాను. చేతులు చూసి పోల్చాను. ముళ్లగీతలు."

పడవవాడు మళ్లీ కసురుకోబోయి, ఆ ఇద్దరినీ చూసి ఊరుకున్నాడు. మింగ్‌సిన్ తల్లి కాళ్ల దగ్గర తడిమెట్టు మీద కూర్చున్నాడు.

అతని నోట్లో తిమ్మిరి అప్పటికి పూర్తిగా దిగిపోయింది.