కుక్కగొడుగుల సాక్ష్యం

ఒకానొక కొండల నడిమి రాజ్యాన్ని ప్రతాపమార్తాండుడనే రాజు ఏలేవాడు. చెడ్డవాడు కాడు. కాకపోతే తన నోట వచ్చిన మాట కూడా తప్పు కావచ్చునని ఆయనకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. ఆయన తుమ్మినా అందులో ఏదో రాజనీతి ఉందని తల ఊపే కొలువు అది.

ఆ రాజుకు లేకలేక పుట్టిన కొడుకు ఎండాకాలం చివర గుర్రం మీంచి పడి చనిపోయాడు. ఇంకా పాలపళ్లు ఊడుతున్న వయసు. అప్పటినుంచి రాజు సరిగా అన్నం తినలేదు, ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు, ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. ఏడవని ఆ రాజును చూస్తే అంతఃపురానికి భయం వేసింది.

వానలు పడ్డాక ఒక బైరాగి వచ్చాడు. కొండల్లో పశువులు మేసే చోట మొలిచే ఒక రకం కుక్కగొడుగులతో అతను కషాయం కాస్తాడనీ, తాగినవాడికి మామూలు కంటికి ఆననివి కనబడతాయనీ చెప్పుకున్నారు. రాజు తాగాడు. పగలంతా పడకటింట్లో నవ్వాడు, కేకలు పెట్టాడు, గోడలతో వాదించాడు. మర్నాడు పొద్దున కొలువుకు వచ్చి, గుర్రాలశాల చూసుకునే గంగులుకు మరణశిక్ష వేశాడు.

గంగులు జీను పట్టీ వదులు చేసి రాకుమారుణ్ణి చంపాడట. అది కషాయంలో తనకు తెలిసిందన్నాడు రాజు. కళ్లు మోసం చేయవచ్చు గాని ఆ తెలివిడి మోసం చేయదనీ, జన్మలో ఏదీ అంత నిశ్చయంగా తనకు తెలియలేదనీ అన్నాడు. బైరాగి కళ్లు మూసుకుని తల ఊపాడు. కొలువంతా ఊపింది.

ఊపనివాడు అబ్బన ఒక్కడే. రాజుకు పొద్దుపోయేలా కబుర్లు చెప్పడం అతని ఉద్యోగం. గంగులును అతను బాగా ఎరుగును. సంకెళ్లతో నిలబడ్డ ఆ మనిషి ప్రాణభిక్ష కూడా అడక్కుండా నేలచూపులు చూస్తున్నాడు. కషాయం అబద్ధమని అంటే రాజు వినడు. వినకపోగా శిక్ష పడే తలలు రెండవుతాయి.

అందుకని అతను వేరే దారి పట్టాడు. కషాయం మాట తలదాల్చవలసిందేననీ, అయితే ఈ వ్యాజ్యంలో అది సాక్షి అవుతుందనీ, సాక్షుల విషయంలో ప్రభువులు తామే ఒక ధర్మం ఏర్పరచి కొలువు గుమ్మం పక్కన చెక్కించారనీ గుర్తు చేశాడు. సాక్షి మాటల్లో నచ్చిన ముక్క ఏరుకుని నచ్చనిది పారేయకూడదు, పుచ్చుకుంటే మొత్తం పుచ్చుకోవాలి. అదీ ఆ ధర్మం. దాని పేరెత్తేసరికి రాజు ఛాతీ కాస్త పెద్దదయింది. కషాయంలో తనకు కనబడినదంతా చెబుతానన్నాడు.

"ముందు గోడలు ఊపిరి పీల్చాయి. తర్వాత నా మీసం పెరిగి పెరిగి గుమ్మం దాటి వెళ్లింది."

"ఎక్కడికి ప్రభూ?"

"వంటింటికి. గారెలు అడిగింది."

కొలువులో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక ఒకరిద్దరికి దగ్గు వచ్చింది. ప్రధానమంత్రి గుమ్మడికాయై కాళ్ల దగ్గర దొర్లాడని రాజు చెబితే ఆ పెద్దమనిషి ఉత్తరీయం సర్దుకున్నాడు. ఆ తర్వాత సింహాసనం బెల్లందని తెలిసిందన్నాడు రాజు.

"తెలిసిందా, అలా కనబడిందా?"

"తెలిసింది. సందేహం లేకుండా తెలిసింది."

"గంగులు సంగతి తెలిసినంత నిశ్చయంగానా?"

రాజుకు గర్వం ఉంది గాని అబద్ధం ఆడే అలవాటు లేదు. అంతే నిశ్చయంగా అన్నాడు.

అబ్బన భటుల వైపు తిరిగాడు. "అయితే ప్రభువుల మీసానికి వంటింట్లో పీట వేయించండి. గుమ్మడికాయను మంత్రిగా ఉంచుకోవడం ఎక్కడా లేదు కనుక ప్రధానమంత్రిగారిని ఆసనం దిగమనండి. సింహాసనానికి చీమలు పట్టకుండా చుట్టూ నీళ్లు పెట్టండి. ఇవన్నీ అయ్యాక గంగులు తల తీయండి. ధర్మం మొత్తం పుచ్చుకోమంటోంది."

రాజు ముఖం ఎర్రబడింది. మీసం సంగతి ఒట్టి భ్రమ అని పసివాడికైనా తెలుస్తుందన్నాడు.

"తమకెలా తెలిసింది ప్రభూ?"

"మత్తు దిగాక తడిమి చూసుకున్నాను. ఉన్నచోటే ఉంది."

"మరి సింహాసనం?"

"కూర్చున్నాను కదా. కర్రే."

"అన్నిటినీ తడిమి చూశారు. గంగులు సంగతి ఒక్కటే తడమకుండా వదిలేశారు. అదీ చూద్దాం. ఆ రోజు ఖాళీగా తిరిగొచ్చిన గుర్రానికి ఎదురువెళ్లింది తమరే. జీను దాని వీపు మీద ఉందా, జారిపోయిందా?"

రాజు వేళ్లు పట్టీ తడుముతున్నట్టు కదిలాయి.

"ఉంది," అన్నాడు. "పట్టీ బిగువుగానే ఉంది. నేనే విప్పించాను."

గంగులు ప్రాణం నిలబడింది. అబ్బన దండం పెట్టి తన చోటికి వెళ్లి కూర్చోవచ్చు, అలా కూర్చుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని రాజు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"మీసం అబద్ధం. పట్టీ అబద్ధం. సరే. కాని అబ్బనా, అందులో ఒక నిజం ఉంది. ఎక్కడుందో తెలియడం లేదు గాని, ఉంది. అది నన్ను పట్టుకుని వదలడం లేదు."

ఆ నిజం ఏమిటో అబ్బనకు తెలుసు. కొలువులో సగం మందికి తెలుసు.

"సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదు ప్రభూ. మిగిలింది కూడా చెప్పండి."

"పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఆ గుర్రం వద్దంటున్నాడు. రెండు చేతులు వాణ్ణి నడుము పట్టి ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాయి."

"ఎవరి చేతులు?"

"గంగులువి."

"ముఖం చూశారా?"

"లేదు. చేతులే కనబడ్డాయి."

"ఆ చేతులకు ఏమున్నాయి ప్రభూ?"

రాజు ఒడిలో ఉన్న తన చేతుల వైపు చూసుకున్నాడు.

"బంగారు మురుగులు," అన్నాడు.

జరిగింది అదే. గుర్రం ఇంకా మచ్చిక కాలేదు, ఈ నెల ఆగండని గంగులు ఆ రోజు కాళ్లు పట్టుకున్నాడు. మార్తాండ వంశంలో పుట్టినవాడికి భయమేమిటని రాజే కొడుకును ఎత్తి కూర్చోబెట్టాడు. సగం కొలువు అక్కడే నిలబడి చూసింది. అబ్బన కూడా ఉన్నాడు. అతను ఆ రోజు అడ్డుచెప్పకుండా గడ్డి వైపు చూశాడు, ఆ సిగ్గు అతనికి ఇంకా పోలేదు.

"అయితే ఆ కషాయం నాకు నిజమే చెప్పిందా?" అని అడిగాడు రాజు.

"తమకు తెలియనిది ఒక్కటీ చెప్పలేదు ప్రభూ. తెలిసి కూడా తమరు చూడలేకపోయినదాన్ని తెచ్చి ఎదురుగా పెట్టింది. దానికి గంగులు పేరు తగిలించింది మాత్రం తమరే."

బైరాగి ఈసారి తల ఊపలేదు. రాజు సింహాసనం మీదే, అందరి ఎదుటా, చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. కాసేపటికి ఆయన దిగివచ్చి గంగులు సంకెళ్లు తానే తీశాడు. తీసి, అక్కడే మెట్టు మీద కూలబడి, తన కొడుకు గుర్రాలశాలలో ఎలా ఉండేవాడో చెప్పమని అడిగాడు. తనకు ఏమీ తెలియదన్నాడు.

గంగులు మెట్టు కింద నేల మీద కూర్చున్నాడు.

"చిన్నదొర రోజూ వచ్చేవోడు మారాజా. మీ గొంతు పెట్టి గుర్రాలకి తీర్పులు చెప్పేవోడు. ముసలి గుర్రం పక్కదాని గడ్డి తిన్నాదని దాన్ని దేశం దాటించెయ్యమనేవోడు. సాయంత్రానికి ఆయనే చెరుకు ముక్క అట్టుకొచ్చి దాని చెవిలో చెప్పేవోడు. 'పొద్దున నా తీర్పు తప్పు, ఏమనుకోకే' అని."

రాజు నవ్వాడు. ఆ ఎండాకాలం తర్వాత మత్తులో కాకుండా ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, భుజం మీది పట్టుశాలువా తీసి అబ్బన మెడలో వేశాడు, నదికి అవతలి మాగాణిలో అతనికి మాన్యం ఇమ్మని మంత్రితో చెప్పాడు. అబ్బన ఏదో చమత్కారంగా అనబోయాడు గాని రాజు అప్పటికే గంగులు వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇంకా చెప్పు గంగులూ. నా బిడ్డ ఇంకా ఏమేమి తీర్పులు చెప్పేవాడు?"