ఏడు ఈకల రెక్కలు

ఎప్పటి మాటో చెబుతాను, ఊఁ కొడుతూ వినండి. కుముదపురమనే పట్నంలో మణిధరుడని ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలసేనుడు, రెండోవాడు జయసేనుడు, మూడోవాడు మలయుడు. పెద్దవాళ్ళిద్దరూ గుర్రమెక్కితే ఊరు చేరేదాకా దిగేవాళ్ళు కారు. మలయుడు మాత్రం గుర్రాన్ని నడిపించుకుంటూ, దారిలో కనిపించినవాళ్ళనల్లా పలకరిస్తూ, అందరూ భోంచేసి చేతులు కడుక్కున్నాక ఇల్లు చేరేవాడు. వీడితో బయల్దేరితే చల్లారిన అన్నమే గతి అని అన్నలు నవ్వుకునేవారు.

ఒకరోజు జంభకుడనే మాయలమారి సభకు వచ్చాడు. అతని వెంట చిత్రరేఖ అనే అమ్మాయి, ఆమె చేతుల్లో చుట్టచుట్టిన ఒక పెద్ద పటం. పటం పరిస్తే సభ మధ్యంతా నిండిపోయింది. దాని మీద ఏడు సముద్రాలు, ఏడో సముద్రానికి అవతల ఒక దీవి, దీవిలో మేడ, మేడలో పంజరం, పంజరంలో చిలుక. ఎంత ముద్దుగా వేసి ఉన్నాయంటే, ఒడ్డున ఆరేసిన వలల కన్నులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. కానీ వాటిని చూసినవాళ్ళు ఎవరు? అందరి చూపూ చిలుక మీదే.

ఇదొక ఆట అన్నాడు జంభకుడు. ఆడేవాడు పటం ముందు కూర్చుని తానేం చేస్తాడో చెప్పాలి. అప్పుడేం జరిగిందో చిత్రరేఖ చెబుతుంది. అవుతుందో కాదో తేలనిచోట ఆరు గవ్వలు వేసి చూడాలి, వెల్లకిలా పడితే అయినట్టు, బోర్లా పడితే కానట్టు. అడిగినదానికి ఆమె నిజమే చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. చిలుకను పట్టినవాడు ఏం కోరితే అది దక్కుతుంది. ఓడినవాడు కొయ్యబొమ్మ అయిపోతాడు. ఒకసారి మొదలైతే ముగ్గురు అన్నదమ్ములూ ఆడాల్సిందే, ముగ్గురూ ఓడితే రాజ్యం జంభకుడిది.

రాజుగారు వద్దనేలోగా బలసేనుడు వెళ్ళి పటం ముందు కూర్చోనే కూర్చున్నాడు. జంభకుడు పళ్ళెంలో మూడు వస్తువులు పెట్టి, ఒకటి తీసుకోమన్నాడు. ఒక కత్తి, ఒక చేతికర్ర, ఒక జత రెక్కలు. రెక్కలుండగా కర్ర ఎవడికి కావాలి? బలసేనుడు రెక్కలే తీసుకున్నాడు. అవి భుజాలకు తగిలాయో లేదో, పటంలో గాలి అతని ముఖానికి కొట్టింది, ఉప్పునీటి వాసన ముక్కుకు తగిలింది.

"ఉప్పు సముద్రం మీదుగా ఎగిరి వెళ్తాను," అన్నాడు.

"దాటారు," అంది చిత్రరేఖ తల ఎత్తకుండా.

అలాగే చెరుకురసం సముద్రం, కల్లు సముద్రం, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం. ఏడుసార్లు ఎగిరాడు, ఏడుసార్లు దాటాడు. సభంతా చప్పట్లు కొట్టింది. మలయుడు అందరికంటే గట్టిగా కొట్టాడు, అంత అందంగా ఎగిరాడు మరి వాళ్ళన్న. కానీ ఎగిరినప్పుడల్లా రెక్కల్లోంచి ఒక ఈక రాలుతోంది. మేడలో పంజరం తలుపు తీయగానే చిలుక కిటికీలోంచి తుర్రుమంది. ఎగరబోతే రెక్కలకు ఒక్క ఈకైనా లేదు. బలసేనుడు అక్కడే జానెడు కొయ్యబొమ్మ అయిపోయాడు.

జయసేనుడు తెలివైనవాడు. ఈక మిగలాలని తెలుసుకుని ఏడో సముద్రాన్ని ఈదాడు. చిలుక మేడ పైకప్పు మీద వాలితే మిగిలిన ఆ ఒక్క ఈకతో ఎగిరి చెయ్యి చాచాడు. గవ్వలు బోర్లా పడ్డాయి. చిలుక తప్పించుకుంది, అతనూ బొమ్మ అయ్యాడు.

ఇక మలయుడి వంతు. పటం అంచున అన్నలిద్దరూ వరసగా నిలబడి ఉన్నారు. పెద్దన్న బొమ్మ ముఖాన ఎగిరినప్పటి నవ్వు ఇంకా చెరగలేదు. ఇప్పుడు ఓడితే అన్నలు ఇక తిరిగి రారు. అయినా అతనూ రెక్కలే తీసుకున్నాడు. ఇతనికీ బుద్ధి రాలేదని సభలో గుసగుసలు బయల్దేరాయి. మలయుడు వాటిని చెవిన పెట్టలేదు. ఎగరడం అంటే అతనికి ఎప్పటినుంచో ప్రాణం, పైగా చిలుకను నేలమీద నిలబడి పట్టినవాడు ఎవడున్నాడు గనక?

అతను ఒడ్డున నిలబడ్డాడు, ఎగరలేదు.

"అమ్మాయీ, ఈ ఒడ్డున ఎవరుంటారు?" అని అడిగాడు.

చిత్రరేఖ మొదటిసారి తల ఎత్తింది. ఆ ప్రశ్న ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు. ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉందని, దాని డిప్ప నిండా నత్తలు అతుక్కుని నడవలేకపోతోందని చెప్పింది. మలయుడు కూర్చుని నత్తలన్నీ ఒలిచేశాడు. "వీపు తేలికపడింది బాబూ, ఎక్కు," అంది తాబేలు. ఉప్పు సముద్రం అలా దాటాడు, ఈక రాలలేదు.

చెరుకురసం సముద్రం దగ్గరా అదే ప్రశ్న. అక్కడ బెల్లం వండేవాళ్ళు ఉన్నారట, మంట ఎగదోసే మనిషి లేక అవస్థ పడుతున్నారట. మలయుడు మూడు రోజులు పొయ్యి ముందు కూర్చుని చెరుకుపిప్పి ఎగదోశాడు. వాళ్ళు రసాన్ని కాచి, అచ్చుల్లో పోసి, సముద్రం మీద బెల్లం దిమ్మలు పరుచుకుంటూ పోయారు. ఆ బాట మీద నడుచుకుంటూ అవతలి ఒడ్డుకు చేరాడు. ఈగలు కాస్త ముసిరాయనుకోండి, అది వేరే సంగతి.

"ఎగరమని రెక్కలిస్తే పొయ్యి ఊదుతాడేమిటి?" అని జంభకుడు విసుక్కున్నాడు. అతని నవ్వు కొద్దిగా తగ్గింది.

కల్లు సముద్రం దగ్గర ఎవరూ లేరు, గాలి పీల్చినా మత్తెక్కుతుంది అంది చిత్రరేఖ. అయితే ఇక్కడ ఎగరాలి, అన్నాడు మలయుడు. ఎగిరాడండీ, ఏం ఎగిరాడు! మబ్బుల్ని భుజాలతో ఒరుసుకుంటూ, చల్లగాలిని గుండె నిండా పీల్చుకుంటూ వెళ్ళాడు. దాచుకుని దాచుకుని ఎగిరిన ఆ ఎగురుడు అన్నల ఎగురుళ్ళన్నిటినీ మరిపించింది. ఒక ఈక రాలింది.

నేతి సముద్రం ఒడ్డున ఎవరున్నారని అడిగేసరికి చిత్రరేఖ పటంలో ఒకచోట వేలు పెట్టింది.

"ఒక అవ్వ ఉంది. చిన్న ఇల్లు. వాకిట్లో పిడకలు. మా అవ్వే. జంభకుడు నన్ను పద్మగిరి నుంచి ఎత్తుకొచ్చాక, మరిచిపోతానేమోనని భయమేసి పటంలో వేసుకున్నాను."

చిత్రరేఖ పద్మగిరి అమ్మాయి అని, పటం గీయడం కోసమే ఆమెను జంభకుడు బంధించాడని అందరికీ అప్పుడు తెలిసింది. మలయుడు అవ్వ ఇంటికి వెళ్ళి దణ్ణం పెట్టాడు. తొందరపడకు నాయనా, అంది అవ్వ. మంచు పడే పొద్దున దాకా ఆగమంది, ఇంట్లో నేతిగిన్నె ఎప్పుడూ చూడలేదా అని వెక్కిరించింది కూడా. పొద్దున లేచి చూస్తే చలికి సముద్రమంతా తెల్లగా, పూసలు పూసలుగా పేరుకుని ఉంది. మలయుడు గడ్డి చుట్టుకున్న పాదాలతో దాని మీద నడిచి, ఎండ ఎక్కేలోగా దాటేశాడు.

పెరుగు సముద్రం కాలు పెడితే మింగేస్తుంది, పాల సముద్రం ఎప్పుడూ పొంగుతూనే ఉంటుంది, మంచినీళ్ళ సముద్రం నిండా ఆ వేళ సుడిగుండాలు. మూడింటినీ ఎగిరే దాటాడు. దీవి చేరేసరికి మూడు ఈకలు మిగిలాయి.

"ఈ చిలుక ఎవరిది?" అని అడిగాడు.

జంభకుడు చెయ్యి అడ్డం పెట్టబోయాడు గాని, ఆట కట్టుబాటు అతనిదే. "అది జంభకుడి ప్రాణం," అంది చిత్రరేఖ. "నా చేత బొమ్మ వేయించి అందులో దాచుకున్నాడు. ఇంతదూరం చూసుకుంటూ వచ్చేవాడు ఉండడని అతని ధీమా."

పంజరం తెరవగానే చిలుక పైకప్పు మీదికి ఎగిరింది. మలయుడు ఒక ఈకతో ఎగిరి గవ్వలు వేశాడు, తప్పింది. చిలుక మబ్బు దాకా పోయింది. రెండో ఈకతో ఎగిరాడు, గవ్వలు మళ్ళీ బోర్లా పడ్డాయి. ఇక ఒకే ఒక్క ఈక. రాజుగారు కళ్ళు మూసుకున్నారు. మలయుడు అన్నల బొమ్మల వంక ఒకసారి చూసి, గవ్వలు పక్కన పెట్టేశాడు.

"ఈ చిలుక పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఆకలేస్తే ఎక్కడ వాలుతుంది?"

చిత్రరేఖ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పంజరంలో పెట్టి వేశానే అని జాలిపడి, దీవికి ఎదురుగా నీళ్ళ మధ్య రాతి మీద ఒక జామచెట్టు వేశాను. ఒకే కాయ, దోరగా పండింది. ఆ రాతిని ఎక్కడం ఎవరి వల్లా కాదు."

ఎక్కడం ఎందుకు, ఈక ఉందిగా! మలయుడు చివరి ఈకతో ఎగిరి, చిలుకకంటే ముందే చెట్టు మీద వాలి, ఆకుల చాటున కదలకుండా కూర్చున్నాడు. చిలుక వచ్చింది, కాయను ఒక కొరుకు కొరికింది, గుప్పిట్లో చిక్కింది.

"ఇక్కడ గవ్వలతో పనిలేదు. పట్టారు," అంది చిత్రరేఖ.

జంభకుడు ఊపిరాడక గొంతు పట్టుకున్నాడు. మలయుడు అన్నలను తిరిగి ఇమ్మని అడిగాడు, చిత్రరేఖను విడిచిపెట్టమని అడిగాడు. రెండూ జరిగాయి. బలసేనుడు ఒళ్ళు విరుచుకుని లేచాడు, జయసేనుడు తమ్ముణ్ణి వాటేసుకుని ఏడ్చాడు. ఆ తరువాత చిత్రరేఖ పటం మీదికి వంగి చిలుకను పంజరంలో పెట్టి తలుపు వేసింది. ఆట ముగిసింది, ఓడినవాడు ఎవరో తేలిపోయింది. జంభకుడు కూర్చున్నచోటే జానెడు కొయ్యబొమ్మ అయ్యాడు.

మలయుడికీ చిత్రరేఖకూ పెళ్ళి కుదిరింది. పద్మగిరికి పల్లకి పంపుతామంటే ఇద్దరూ వద్దన్నారు. నడిచే వెళ్ళారు, అన్నలతో సహా, దారిలో అందరినీ పలకరిస్తూ. ఊరి చివర చిన్న ఇల్లు, వాకిట్లో పిడకలు. అవ్వ బయటికొచ్చి మనవరాలిని చూసి దగ్గరకు లాక్కుంది. తరువాత కన్నీళ్ళు తుడుచుకుని కొత్త అల్లుడికి పీట వేసింది. అన్నం చల్లారిపోయి ఉంది. అవ్వ దాని మీద పేరుకున్న నెయ్యి వేసి, "తొందరపడకు నాయనా, కరగనీ," అంది. మలయుడు చిత్రరేఖ వంక చూశాడు. అన్నలు మాత్రం చల్లారిన అన్నమని ఈసారి నవ్వలేదు, మారు వడ్డించుకుని తిన్నారు.

వాళ్ళు చాలా ఏళ్ళు రాజ్యం చేశారు, ఏ ఊరినీ పలకరించకుండా దాటలేదు. అక్కడ వాళ్ళు చల్లగా ఉన్నారు, ఇక్కడ మీరు చల్లగా ఉండండి, ఊఁ కొట్టడం ఆపి నిద్రపోండి.