మూడు రోజుల మౌత్‌పీసు

"మాస్టారూ, దొంగ మన మధ్యే ఉంటే ఎలా పట్టుకోవాలి?"

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం మర్నాడు పొద్దున్నే పరంజ్యోతి ఈ మాట అడిగేసరికి నతానియేలు మాస్టారు బ్యాండు గది గడపలో కూర్చుని ట్రంపెట్ మీటలకి నూనె వేస్తున్నారు. అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. తాళం ఎందుకు తప్పుతోందని అడిగిన ఒకణ్ణి వెనకటికి బావిలోంచి నలభై చేదల నీళ్ళు తోడమన్నారు. వాడికి తాళం కుదిరిందో లేదో తెలియదు గానీ, ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. పరంజ్యోతికి ఇదంతా తెలుసు. తెలిసీ అడిగాడంటే లోపల ఎంత మండిపోతున్నాడో ఊహించుకోవచ్చు.

ఎర్రగుట్టపాలెం బ్యాండులో పన్నెండు మంది. పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ వాయిస్తారు గానీ, వాళ్ళకి అసలు పరీక్ష ఏడాదికి ఒక్కటే. ఈస్టరు నాడు సూర్యుడు రాకముందే ఊరు ఊరంతా గుట్ట మీది సమాధుల తోటకి ఎక్కి, వెలిగించని కొవ్వొత్తులు చేతపట్టుకుని, నోరు మెదపకుండా నిలబడుతుంది. మొదటి ట్రంపెట్ వాయించేవాడు ఒక్కడే ముందుకొచ్చి ఏడు స్వరాల పిలుపు వాయించాలి. ఏడోది అన్నిటికన్నా పైది. అది పలికాకే కొవ్వొత్తులు వెలుగుతాయి, పాట మొదలవుతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ పిలుపు పరంజ్యోతిది. పోయిన ఏడాది ఏడో స్వరం పగిలింది. మళ్ళీ వాయిస్తానని అడిగే చోటు కాదది. జనం కొవ్వొత్తులు వెలిగించారు, పాట పాడారు, కిందికి దిగారు. దిగాక పెద్ద డ్రమ్ము వాయించే సంసోను, "ఈ ఏడు మన కోడికి జలుబు చేసిందిరోయ్" అన్నాడు. ఆ కోడి మాట ఏడాది పొడుగునా ఊళ్ళో తిరిగింది.

తప్పు తనది కాదని పరంజ్యోతి ఆ రోజు ఇల్లు చేరేలోపే తేల్చుకున్నాడు. తప్పు మౌత్‌పీసుది. పెదవులు ఆనించి ఊదే ఆ చిన్న ఇత్తడి కప్పు మాస్టారు చేతుల మీదుగా వచ్చిందే, కాదనడు. కానీ పూత పోయింది, అంచు ఒకచోట సొట్టపడింది. ఏడాదంతా దాన్ని తిట్టుకుని, ఈసారి ఈస్టరు ఇంకా పదకొండు రోజులుందనగా ఒక బుధవారం బెజవాడ వెళ్ళి కొత్తది తెచ్చుకున్నాడు. వెండి పూత, నున్నటి అంచు. పెదవి ఆనిస్తే చల్లగా తగిలింది.

బ్యాండులో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి శనివారం మధ్యాహ్నం అందరి మౌత్‌పీసులూ ఒకే బేసినులో, చింతపండు పిసికిన వేడినీళ్ళలో వేసి తోముతారు. ఎవరిది ఏదో తెలియడానికి ప్రతివాడూ తన దాని మీద ఆకురాయితో గాట్లు పెట్టుకుంటాడు. కొత్తదాన్ని చూపించగానే మాస్టారు అడిగిన మొదటి మాట, "గాటు పెట్టావా?"

"వెండి పూత మాస్టారూ. గీస్తే పోతుంది."

మాస్టారు దాన్ని వెలుతురుకని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఇటు వీపు పెట్టి, కాసేపు చూసి తెచ్చి ఇచ్చేశారు. అంతసేపు ఏం చూశారా అని పరంజ్యోతికి అప్పుడే కాస్త అనుమానం తగిలింది. అనుమానం అతనికి దాహంలాంటిది. ఎండతో పనిలేకుండా వేస్తుంది.

ఆ తర్వాతి మూడు రోజులూ అతను చీకటితోనే లేచి గుట్ట కింది రాతి మీద కూర్చునేవాడు. కొత్త వస్తువు, దాని గుణం తెలియాలి కదా అని ఒక్కో స్వరాన్నీ ఊపిరి ఉన్నంతసేపూ పట్టి, అది ఎక్కడ వణుకుతుందో చెవి ఒగ్గి వినేవాడు. పూత పాడవుతుందని కిళ్ళీ మానేశాడు. భార్య సుగుణమ్మ మూతి విరిచి, "పదేళ్ళ నుంచి నేను మొత్తుకుంటే మానని మనిషి, ఈ ఇత్తడి ముక్క చెప్తే మానేశారా? ఇక వంట కూడా దాన్నే చెయ్యమనండి" అంది. గురువారం ఏడో స్వరం వచ్చింది. శుక్రవారం ఇంకా తేలిగ్గా వచ్చింది. శనివారం పొద్దున అందరి ముందూ వాయిస్తే సంసోను డ్రమ్ము కర్రలు పక్కన పెట్టి, "కోడికి జలుబు తగ్గిందిరోయ్" అన్నాడు.

ఇక గిడియోను సంగతి. రెండో ట్రంపెట్ వాడిది. పరంజ్యోతి కన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ట్రంపెట్ ఎలా పట్టుకోవాలో వాడికి మొదట చూపించింది పరంజ్యోతే. ఆ శనివారమే వాడు అచ్చం అలాంటి మౌత్‌పీసే, అదే వెండి పూత, అదే కంపెనీది పట్టుకుని దిగాడు. "నీది బాగుందని నేనూ తెప్పించుకున్నానన్నా" అని పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. గాటు పెట్టమంటే, "అన్న పెట్టందే నేనెలా పెడతాను మాస్టారూ" అన్నాడు. మాస్టారు దాన్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి ఇచ్చేశారు. మధ్యాహ్నం రెండూ ఒకే బేసినులో మునిగాయి. తోమడం అయ్యాక మాస్టారే నీళ్ళలో చెయ్యి పెట్టి, ఒక్కొక్కటీ వేలితో తడిమి, ఎవరిది వాళ్ళకి అందించారు. ఎవరి జేబురుమాలు వాళ్ళు కిటికీ గట్టున పరిచి, దాని మీద ఆరబెట్టి, అందరూ అన్నాలకి కూర్చున్నారు. ముందుగా లేచి చెయ్యి కడుక్కున్నవాడు గిడియోను.

సాయంత్రం పరంజ్యోతి ఒక కిళ్ళీ వేసుకున్నాడు. ఏడో స్వరం ఇక ఎక్కడికీ పోదు కదా. ఆదివారం మట్టలు పట్టుకుని ఊరేగింపు చర్చి మెట్లెక్కుతుండగా అది పగిలింది. ఆ వెనకే గిడియోను ట్రంపెట్ కంచుగంటలా మోగింది.

అందుకే సోమవారం ఆ ప్రశ్న.

"నా దగ్గరున్నది నాది కాదు మాస్టారూ. శనివారం కిటికీ దగ్గర మారింది."

"నీది కాదని ఎలా తెలుసు?"

"నా పెదవికి తెలీదా? దీని అంచు గరుకు. నాది వెన్నలా ఉండేది. అయినా శనివారం అంత తొందరగా అన్నం ముందు నుంచి లేవాల్సిన పనేముంది వాడికి? ఎన్నడైనా మూడోసారి పప్పు వడ్డించుకోకుండా లేచాడా వాడు?"

మాస్టారు నూనె సీసాకి మూత పెట్టి, గిడియోనుని పిలవమన్నారు. వాడొచ్చేసరికి మిగతావాళ్ళూ మూగారు. సంగతి విని గిడియోను మొహం నల్లబడింది.

"నేనా? నీ దగ్గర నేను నేర్చుకున్నది దొంగతనమా అన్నా?"

"నేను నేర్పనివి కూడా చాలానే నేర్చుకున్నావులే."

మాస్టారు ఇద్దరి మౌత్‌పీసులూ చెరో చేతిలోకి తీసుకుని, ఒళ్ళో తువ్వాలు కప్పుకుని, దాని కింద చేతులు కదిపారు. తర్వాత పరంజ్యోతికి ఒకటి, గిడియోనుకి ఒకటి ఇచ్చి, "ఇప్పుడు వాయించండి" అన్నారు.

పరంజ్యోతి పెదవి ఆనించాడు. అవును, ఇదే. ఈ చల్లదనం, ఈ నునుపు. కడుపు నిండా ఊపిరి తీసుకుని ఏడు స్వరాలూ వాయించాడు. ఏడోది గది కప్పుకి తగిలి తిరిగొచ్చింది. గిడియోను వాయిస్తే నాలుగో స్వరం దగ్గరే చీలింది.

"చూశారా! ఇదీ నాది!" అన్నాడు పరంజ్యోతి.

సంసోను గిడియోను వంక చూసి, తల తిప్పేసుకున్నాడు. గిడియోను మౌత్‌పీసుని చొక్కాకి తుడిచి, "సరే అన్నా. ఈ పాడుముక్కతోనే వాయించి చూపిస్తాను" అని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి తెల్లవారకముందే గుట్ట కింది రాతి మీద వాడు కనపడేవాడని పాలవాళ్ళు చెప్పారు. పరంజ్యోతి చూడలేదు. ఆ వేళకి అతను నిద్రలో ఉన్నాడు.

అతనికి తన ప్రశ్నకి జవాబు దొరికిపోయింది. మంగళ, బుధవారాలు టీ కొట్టు దగ్గర దొంగ దొరికిన వైనం చెప్పుకుంటూ, కిళ్ళీ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంటూ గడిపాడు. పెదవిని నమ్మాలనీ, నవ్వే మొహాన్ని నమ్మకూడదనీ వినేవాళ్ళకి బోధ కూడా చేశాడు. గురువారం ఏడో స్వరం జారింది. అలసటేమో అనుకున్నాడు. యేసుని సిలువ వేసిన మంచి శుక్రవారం నాడు బ్యాండు మోగదు. శనివారం పొద్దున, ఈస్టరుకి ముందు ఆఖరి రిహార్సల్‌లో, రెండుసార్లు వాయిస్తే రెండుసార్లూ పగిలింది. మాస్టారు తలాడించి, "గిడియోనూ, నువ్వు" అన్నారు.

గిడియోను కళ్ళు మూసుకుని వాయించాడు. ఏడో స్వరం గీత గీసినట్టు నిలబడింది.

పరంజ్యోతి మౌత్‌పీసు ఊడదీసి, పెదవి ఆనే అంచు తడిమాడు. వాడు మళ్ళీ మార్చాడు. ఎప్పుడు మార్చాడు? బుధవారం, తను ట్రంపెట్ గదిలో వదిలి టీకి వెళ్ళినప్పుడా? గురువారం ప్రార్థనలో వాడు తన వెనక బల్ల మీదే కూర్చున్నాడు, అప్పుడా? మాస్టారికి చెప్తే? ఆయన మళ్ళీ తువ్వాలు కప్పుతారు, వాడు మళ్ళీ మారుస్తాడు. తెల్లవారితే గుట్ట. ఊరంతా వెలిగించని కొవ్వొత్తులతో నిలబడి తన మూతి వంకే చూస్తుంది. ఈసారి పగిలితే ఇక మొదటి ట్రంపెట్ అతనిది కాదు. బతికినంతకాలం జలుబు కోడి.

మధ్యాహ్నం తోమడం అయింది. పదకొండు మౌత్‌పీసులు కిటికీ గట్టున ఆరుతున్నాయి. పది జేబురుమాళ్ళు ఒక పక్కకి దగ్గర దగ్గరగా, గిడియోనుది ఒక్కటీ ఆ చివర. సోమవారం జరిగినదాని తర్వాత వాడి పక్కన పరచడానికి ఎవరికీ మనసు రాలేదు. అందరూ లోపల అన్నాలకి కూర్చున్నారు. పరంజ్యోతి రెండు ముద్దలు తిని, కడుపులో బాగాలేదని లేచాడు.

గట్టు దగ్గరికి వచ్చి వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. తనది తీసి గిడియోను జేబురుమాలు మీద పెట్టాడు. గిడియోనుది తీసి గుప్పిట్లో మూశాడు.

"దొరికాడా?"

మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎడం చేతిలో అన్నం పళ్ళెం.

"ఎవరు మాస్టారూ?"

"సోమవారం అడిగావుగా. దొంగని ఎలా పట్టుకోవాలని."

పరంజ్యోతి మొహం జేవురించింది. "నాది నేను తీసుకుంటున్నా. ఇందులో దొంగతనమేముంది?"

"నీదేనా? తడిమి చూడు. పెదవి వైపు కాదు, ట్రంపెట్‌లోకి దూరే వైపు, లోపలి అంచు."

తడిమాడు. చిటికెన వేలి గోరుకి మాత్రమే తెలిసేంత సన్నటి గాట్లు. ఒకటి. పక్కనే రెండోది.

"రెండున్నాయి" అన్నాడు.

"రెండు వాడివి. ఒకటి నీది. ఏ రోజు తెచ్చినదానికి ఆ రోజే కిటికీ దగ్గర గాట్లు పెట్టాను. పూత ఏమీ పోలేదులే."

పరంజ్యోతి గిడియోను జేబురుమాలు మీద తను పెట్టిన మౌత్‌పీసు తీసుకున్నాడు. పొద్దున్నంతా తను తిట్టుకున్నది. దాని అంచున గోరు పోనిచ్చాడు. ఒక్కటే గాటు.

"మరి సోమవారం... ఆ తువ్వాలు కింద?"

"ఎవరిది వాళ్ళకే ఇచ్చాను."

లోపల సంసోను ఏదో అన్నాడు, నవ్వులు వినిపించాయి. అందులో గిడియోను గొంతు లేదు. వారం నుంచి లేదు. పరంజ్యోతి రెండు గాట్లదాన్ని వాడి జేబురుమాలు మీద పెట్టేశాడు. తన జేబురుమాలు ఆ పదింటి మధ్య నుంచి లాగి, ఆ చివరికి, గిడియోను దాని పక్కకి తెచ్చి పరిచాడు. చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"అయితే దొంగతనమే జరగలేదంటారా మాస్టారూ?"

మాస్టారు పళ్ళెంలో అన్నం కలుపుకుంటూ ఒక ముద్ద తిన్నారు.

"జరిగింది. మొదటి మూడు రోజులు వాయించినవాడు కనపడ్డం లేదు. తెల్లవారేలోగా దొరికితే గుట్ట మీదికి తీసుకురా. దొరక్కపోతే గిడియోను వాయిస్తాడు."