టైరుకు సుద్ద పూసిన రోజు

“వచ్చే వానల నాటికి మీ కొండ మీదికి తారు రోడ్డు వేయిస్తాను. ఇది మీ బిడ్డగా నేనిస్తున్న మాట.”

బొడ్డగుమ్మి కొండ మొదట్లో, వాగు ఒడ్డున, శిలాఫలకం మీది తెర లాగుతూ ఒక నాయకుడు అన్న మాట ఇది. కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టారు. వానలు వచ్చాయి, వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. రోడ్డు మాత్రం రాలేదు. ఇప్పుడు ఆ ఫలకం నీడలో మేకలు పడుకుంటున్నాయి. మాట ఇచ్చిన బిడ్డ మళ్లీ ఇటు తొంగి చూడలేదు. పాపం, రావాలన్నా రోడ్డుండాలి కదా!

ఆ కొండ కిందే దమయంతి డాక్టరమ్మ ఆసుపత్రి. వైద్యం చేస్తూనే ఆమె కొండ పల్లెల యువకులను కూడదీసి ఆరోగ్యపు పని నేర్పుతుంది. ఆమెకొక అలవాటు ఉంది. శిష్యులెవరైనా పెద్ద ప్రశ్న వేస్తే జవాబు చెప్పదు, అడిగినవాడి చేతికి ఒక పని అప్పగిస్తుంది. అందుకే ఆ ఆసుపత్రిలో ప్రశ్నలు తక్కువ, తళతళలాడే సీసాలు ఎక్కువ.

ఆ శిష్యుల్లో కొర్రా జగబంధుకు మాత్రం ఆ భయం లేదు. కొండ మీది పల్లెలో పుట్టి, పట్నంలో చదివి, పుస్తకాలతో పాటు నినాదాలు కూడా మూట కట్టుకొచ్చినవాడు. కంచం ముందు కూర్చున్నా “ఆకలి అడుక్కోదు, ఆజ్ఞాపిస్తుంది” అనేవాడు. “అయితే ఆ కూరగిన్నెను ఇటు రమ్మని ఆజ్ఞాపించు మరిదీ” అనేది వాళ్ల వదిన చంద్రమ్మ.

ఆ చంద్రమ్మకు ఇప్పుడు నెలలు నిండాయి. మొదటి కాన్పుకు ఆమెను డోలీ కట్టి, వానలో, జారే దారిలో మోసుకొస్తుంటే ఆలస్యమైపోయి బిడ్డ దక్కలేదు. “ఈసారి చచ్చినా డోలీ ఎక్కను, బండెక్కే వస్తాను” అని ఆమె పట్టు. ఆసుపత్రికి ట్రక్కు ఒకటి ఉంది గానీ, చినుకు పడితే అది సగం కొండ ఎక్కి బురదలో కూలబడేది. అందుకని డాక్టరమ్మ పెద్ద టైర్లు తెప్పించింది. ఎత్తుగా, లోతైన గాడులతో, బురదను కొరికి పట్టుకునే టైర్లు. తీరా చూస్తే అవి మడ్‌గార్డుల కింద పట్టడం లేదు. రేకు అంచులు కోయక తప్పదని పట్నం నుంచి టింకరింగ్ మేస్త్రి గవరయ్యను పిలిపించింది.

సరిగ్గా అప్పుడే జగబంధు ప్రశ్న వేశాడు.

“డాక్టరమ్మా, టైరు పెంచుకోవడమంటే రోడ్డు రాదని మనమే ఒప్పుకోవడం కాదా? సర్దుబాటు సగం లొంగుబాటు. మాట తప్పింది వాళ్లు, రేకు కోసుకునేది మనమా?”

డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. “మంచి ప్రశ్న. ఆ కటింగ్ మిషను నువ్వు పట్టుకో బాబూ. గవరయ్యా, చెయ్యి తెగకుండా చూడు.”

ఎన్నాళ్లనుంచో గొంతులో ఉన్న కోపం ఆ వేళ జగబంధు చేతుల్లోకి దిగింది. నిప్పురవ్వలు పువ్వుల్లా రాలాయి. కంటికి అడ్డు అనిపించినంత మేర రేకు కోసి, చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. సాఫీగా తిరిగింది. “అడ్డొచ్చినదల్లా తెగాల్సిందే!” అని అరిచాడు. వేపకొమ్మ మీది కాకి లేచిపోయింది.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. “బండి కొండెక్కేది ఖాళీగానేనా?”

ఆ రోజు సంత. కొండకు తిరుగుముఖం పట్టిన ఆడవాళ్లు బుట్టలతో, కోళ్లతో ఆసుపత్రి ముందు సేద తీరుతున్నారు. “అందరూ బండెక్కండమ్మా” అని పిలిచింది ఆమె.

“ఎక్కడికి ఎల్తాదమ్మా?”

“ఎక్కడికీ వెళ్లదు.”

“ఓలమ్మా, అచ్చం మన రోడ్డులాగే!” అంది వాళ్లలో అందరికంటే పెద్దదైన పాంగి ముసలమ్మ. అందరూ విరగబడి నవ్వుతూ ఎక్కారు. బండి బరువు మోసే కమాను పట్టీలు మూలుగుతూ అణిగాయి. గవరయ్య ఒక ముందు చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి, స్టీరింగు పూర్తిగా తిప్పాడు. కర్ర్‌ర్ మంటూ టైరు రేకును ఒరుసుకుంది. రబ్బరు కాలిన వాసన గుప్పుమంది.

“ఏటల్లుడా, నీ కోత కరకరలాడతంది?” అంది ముసలమ్మ.

జగబంధు ముఖం జేవురించింది. “సగం సగం పనులు నాకు పడవు. మడ్‌గార్డులు మొత్తం పీకేద్దాం!”

డాక్టరమ్మ వద్దనలేదు. ఆడవాళ్లను దింపి, బోల్టులు విప్పి ముందు రెండూ పీకేశారు. జగబంధు డ్రైవరు తలుపు పక్క మెట్టు మీద విజయగర్వంతో నిలబడ్డాడు. గవరయ్య బండిని ఆవరణలోని బురదగుంట మీదుగా ఒక్క చుట్టు తిప్పాడు. ఆ కొత్త టైర్లు బురదను పిడికిళ్లతో తీసి విసిరినట్టు విసిరాయి. జగబంధుకు నోటినిండా మట్టి. ముసలమ్మ సంతలో కొని భుజాన వేసుకున్న పసుపు చీర గోధుమరంగుకు తిరిగింది. గట్టున నిలబడిన డాక్టరమ్మ కళ్లద్దాలు సైతం కనబడకుండా పోయాయి. ఆ వెంటనే ముసలమ్మ చేతినిండా బురద తీసి జగబంధు వీపున చరిచింది. “ఇదీ సగం పని కాదురా!” అంది. ఇక నవ్వులకు, బురదకు హద్దు లేకుండా పోయింది.

నవ్వీ నవ్వీ కడుపు పట్టుకున్న డాక్టరమ్మ లోపలికి వెళ్లి, పాఠం చెప్పే బోర్డు దగ్గరి సుద్దముక్కలు తెచ్చి నీళ్లలో నూరింది. “మీ వదిన కూర్చునేది ముందు సీట్లో. రేకు ఉండాలి. ఎంత ఉండాలో టైరునే అడుగు.”

మడ్‌గార్డులు మళ్లీ బిగించారు. జగబంధు టైరుకు తడిసుద్ద దట్టంగా పూశాడు. జనం మళ్లీ ఎక్కారు. ఈసారి ఊరికే కూర్చోలేదు, పాట ఎత్తుకుని, ఎగిరి, బండిని ఊపేశారు. చక్రం అటు తిరిగింది, ఇటు తిరిగింది. వాళ్లు దిగాక చూస్తే, ఎక్కడ ఒరుసుకుందో అక్కడల్లా రేకు లోపల తెల్లటి మచ్చలు. జగబంధు ఆ మచ్చల మేరకే కోశాడు. కోసిన అంచు కత్తిలా ఉంటే, అది టైరును చీల్చకుండా సుత్తితో లోపలికి మడిచి, పాత ట్యూబు రబ్బరు తొడిగాడు. మళ్లీ అందరూ ఎక్కి గెంతారు. చప్పుడు లేదు.

మర్నాడు ముసురులోనే ట్రక్కు కొండెక్కింది. దిగేటప్పుడు చంద్రమ్మ ముందు సీట్లో, చీర మీద మరక లేకుండా, పెళ్లికూతురిలా కూర్చుంది. మలుపు మలుపుకూ “నీ టైర్లకు ఏ నినాదం నేర్పావు మరిదీ, ఇంత బుద్ధిగా పోతున్నాయి?” అని ఏడిపించింది. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. దాని ఏడుపు కొండ మీదికి వినిపించిందని ముసలమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

బిడ్డను చూసొచ్చి కళ్లు తుడుచుకున్న జగబంధు, డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. “నా ప్రశ్న అలాగే ఉందండీ.”

“కోసిన రేకు ముక్కలు పారేశావా?”

“లేదు.”

“రంగు కూడా ఉన్నట్టుంది కదా మన దగ్గర.”

ఆ మాట అర్థం కావడానికి అతనికి ఒక్క నిమిషం పట్టింది. ఆ తర్వాత పరుగే పరుగు. అన్నిటికంటే పొడవైన ముక్క తీసుకుని, వాగు ఒడ్డున మేకలను అదిలించి, శిలాఫలకం ముందు కూర్చుని ఎర్ర అక్షరాలతో రాశాడు: “మాట మీది. కోత మాది. ఇంతకీ రోడ్డెప్పుడు?” అరువు తెచ్చుకున్న నినాదం కాదది, అతని సొంతం. రేకును ఫలకం మెడలో దండలా వేలాడదీశాక, వెనకే వచ్చి నిలబడిన డాక్టరమ్మను అడిగాడు.

“జవాబుకు గడువు ఏ తేదీ వెయ్యమంటారు?”

ఆమె వాగుకు అవతల బురదలో పడిన టైరు జాడల వైపు చూసింది.

“ఆ టైర్లు అరగకముందు ఏదైనా ఫరవాలేదు.”

జగబంధు ఈ వానలు వెళ్లే రోజు లెక్కగట్టి, కుంచె ముంచి, రేకు అడుగున రాశాడు: అక్టోబరు 31.